జపనీస్ లిపిలో సంయుక్త, సంక్షిప్త అక్షరాలు

జపనీస్ లిపిలో రెండు లేక అంతకంటే ఎక్కువ అక్షరాలను కలిపి, ఒకే అక్షరం పట్టే చోటులో ఇమిడేటట్లు వ్రాసే రూపాలను సంయుక్తాక్షరాలు (జపనీస్ భాషలో గోజి) అంటారు. ఒక అక్షరంలోని కొన్ని గీతలను విడిచిపెట్టి, సులువుగా వ్రాసే రూపాలను సంక్షిప్తాక్షరాలు (ర్యకుజి) అంటారు. కలపడం, కుదించడం అనే ఈ రెండు పద్ధతులూ తరచు ఒకే అక్షరంలో కనిపిస్తాయి. కానా అక్షరాలను కలిపి కుదించిన రూపాలకు గోర్యకుగానా (సంయుక్త-సంక్షిప్త కానా) అనే ప్రత్యేక నామం ఉంది.

పందొమ్మిదో శతాబ్దం చివరి వరకు ఈ అక్షరాలు ఉత్తరాలలోనూ, ప్రభుత్వ పత్రాలలోనూ, అచ్చు పుస్తకాలలోనూ విరివిగా వాడుకలో ఉండేవి. 1900లో జరిగిన లిపి సంస్కరణ తరువాత చాలా వరకు మరుగున పడ్డాయి. అయినా పాత పత్రాలను చదవడానికి, వ్యక్తుల పేర్లను, ఊర్ల పేర్లను సరిగా నమోదు చేయడానికి వీటి పరిజ్ఞానం ఇప్పటికీ అవసరమవుతున్నది.

లిపి పరిచయం

జపనీస్ భాషను మూడు రకాల అక్షరాలు కలిపి వ్రాస్తారు. మొదటిది చైనా నుండి వచ్చిన కంజీ. ఇందులో ఒక్కొక్క అక్షరం ఒక అర్థాన్ని సూచిస్తుంది. రెండవది హిరగానా, మూడవది కటకానా. ఈ రెంటినీ కలిపి కానా అంటారు. కానాలో ఒక్కొక్క అక్షరం అర్థాన్ని గాక ఒక ధ్వనిని (క, కి, కు వంటిది) సూచిస్తుంది. విభక్తులను, క్రియల చివరి భాగాలను హిరగానాలోనూ, విదేశీ పదాలను కటకానాలోనూ వ్రాయడం నేటి ఆచారం.

అచ్చులో ప్రతి అక్షరమూ, గీతలు ఎన్ని ఉన్నా, ఒకే పరిమాణం గల చదరపు గడిలో ఉండాలి. ఒకే గీత గల అక్షరానికీ ఇరవైకి పైగా గీతలు గల అక్షరానికీ ఇచ్చే చోటు ఒక్కటే. సంయుక్త, సంక్షిప్త అక్షరాల చరిత్రను అర్థం చేసుకోవడానికి ఈ నియమం తాళపుచెవి వంటిది. గీతలు తగ్గితే వ్రాసే శ్రమ తగ్గుతుంది, అక్షరాలు కలిస్తే కాగితంపై చోటు మిగులుతుంది.

చరిత్ర

బౌద్ధ భిక్షువుల వ్రాత

మధ్యయుగాలలో జపాన్‌లోని బౌద్ధ మఠాలు విద్యకు కేంద్రాలు. భిక్షువులు చైనా భాషలో ఉన్న సూత్ర గ్రంథాలను గురువు చెబుతుండగా వింటూ, వేగంగా ప్రతులు వ్రాసుకునేవారు. ఒకే పారిభాషిక పదం పుట పుటలోనూ వచ్చేది. అటువంటి పదాలకు వారు కుదించిన రూపాలు వాడుకున్నారు. ఈ రకపు వ్రాతకు షోమోత్సుగాకి అని పేరు.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 'బోసత్సు' అనే పదం. ఇది సంస్కృతంలోని 'బోధిసత్త్వ' శబ్దానికి జపనీస్ రూపం. దీనిని వ్రాయడానికి రెండు కంజీలు కావాలి. ఆ రెంటి పైభాగంలోనూ గడ్డిని సూచించే చిహ్నం ఉంటుంది. భిక్షువులు తక్కిన గీతలన్నీ విడిచి, ఆ రెండు గడ్డి చిహ్నాలను మాత్రం ఒకదాని కింద ఒకటి వ్రాసి, దానినే 'బోసత్సు' అని చదివేవారు. ఆ చిహ్నం కటకానాలోని 'స' అక్షరాన్ని పోలి ఉండడం వలన ఈ రూపానికి 'సస బోసత్సు' అనే పేరు వచ్చింది. రెండు అక్షరాలు కలవడం, రెండూ కుదించుకుపోవడం ఇందులో ఒకేసారి జరిగాయి.

కటకానా పుట్టుక

కటకానా లిపి మొత్తం సంక్షేపం నుండి పుట్టినదే. తొమ్మిదో శతాబ్దం నాటికి భిక్షువులు చైనా గ్రంథాల పంక్తుల నడుమ ఉచ్చారణను, వ్యాకరణ సంబంధాలను సూచించే చిన్న గుర్తులు వ్రాసుకునేవారు. ఇరుకైన ఆ చోటులో పూర్తి కంజీ పట్టదు కనుక, కంజీలోని ఒక భాగాన్ని మాత్రమే తీసుకున్నారు. 'ఇ' అనే ధ్వని గల కంజీ ఎడమ భాగం నుండి కటకానా 'ఇ', 'క' ధ్వని గల కంజీ ఎడమ సగం నుండి కటకానా 'క', 'రో' ధ్వని గల కంజీ పైభాగం నుండి కటకానా 'రో' ఏర్పడ్డాయి. హిరగానా ఇందుకు భిన్నంగా, కంజీలను గొలుసుకట్టుగా వేగంగా వ్రాయడం వలన మెత్తబడిన రూపాల నుండి వచ్చింది.

భారతీయ లిపితో సంబంధం

కానా అక్షరాల నేటి వరుసక్రమం తెలుగు పాఠకులకు పరిచితంగా తోస్తుంది. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు వస్తాయి. ఇది మన వర్ణమాల క్రమమే. 'స' వరుస మన 'చ' వర్గం స్థానంలోనూ, 'హ' వరుస 'ప' వర్గం స్థానంలోనూ ఉన్నాయి. 'హ' వరుస ప్రాచీన కాలంలో 'ప'కారంతో పలికేదని భాషా శాస్త్రజ్ఞులు భావిస్తారు. బౌద్ధ భిక్షువుల సంస్కృత వర్ణమాల అధ్యయనం ఈ క్రమానికి ఆధారం.

సంస్కృత మంత్రాలను వ్రాసే సిద్ధం లిపి చైనా మీదుగా జపాన్ చేరింది. 804లో చైనాకు వెళ్ళి 806లో తిరిగి వచ్చిన కూకై (774-835) ఆ విద్యను జపాన్‌లో స్థిరపరచినవారిలో ముఖ్యుడు. సిద్ధం లిపిలో మన వత్తుల వలెనే హల్లు కింద హల్లు చేరుతుంది. జపాన్‌లో ఫుదో మ్యోఓ (అచలనాథుడు) అనే దేవతకు సంకేతమైన 'హామ్మాం' బీజాక్షరం రెండు బీజాలను ఒకే అక్షరంగా పేర్చిన రూపం. దీనిని జపనీయులు 'కాన్‌మాన్' అని పలుకుతారు.

1900 నాటి సంస్కరణ

అంతకు ముందు ఒకే ధ్వనికి అనేక హిరగానా రూపాలు ఉండేవి. 1900 ఆగస్టులో వెలువడిన ప్రాథమిక పాఠశాలల నిబంధనలు ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క రూపాన్ని నిర్ణయించాయి. మిగిలిన రూపాలకు 'హెంతైగానా' (రూపాంతర కానా) అనే పేరు స్థిరపడింది. సంయుక్త కానాలకు ఆ పట్టికలో స్థానం లేదు. పాఠశాలలో నేర్పని అక్షరం ఒక తరం గడిచేసరికి వాడుక నుండి తొలగిపోతుంది. ఇక్కడ కూడా అదే జరిగింది. చదువు సులభమైంది, కాని తాతముత్తాతల ఉత్తరాలను మనుమలు చదవలేని స్థితి కూడా దాని వెంటనే వచ్చింది.

కానా సంయుక్తాక్షరాలు

ఎక్కువగా వాడుకలో ఉండిన రూపాలు ఇవి:

* యొరి: 'నుండి', 'కంటే' అనే అర్థాలు గల పదం. హిరగానా 'యొ', 'రి' అక్షరాలను ఒకే గీతలో కలిపి వ్రాస్తారు. ఉత్తరాలలో పంపినవారి పేరు తరువాత ఎక్కువగా వచ్చేది.
* కొతొ: 'విషయం', 'పని' అనే అర్థాలు గల పదం. క్రియను నామవాచకంగా మార్చడానికి కూడా వాడతారు (మన 'చేయడం'లోని 'డం' వలె). కటకానా రూపం మూల తిరిగిన గీతలా ఉంటుంది.
* తొకి: 'సమయం', 'అప్పుడు' అని అర్థం. కటకానా 'తొ', 'కి' కలిసిన రూపం.
* తొమొ: 'అయినప్పటికీ', 'కూడా' వంటి అర్థాలలో వస్తుంది. కటకానా 'తొ', 'మొ' కలిసిన రూపం.
* షితె: 'చేసి' అని అర్థం. ఇది రెండు కానాల కలయిక కాదు. 'చేయు' అనే అర్థం గల కంజీని కుదించగా ఏర్పడింది. అయినా వాడుకను బట్టి దీనిని సంయుక్త కానాలతోనే చేరుస్తారు.

ఈ పదాలన్నీ వాక్యంలో మాటిమాటికీ వచ్చే వ్యాకరణ పదాలు కావడం గమనించదగినది. అరుదైన పదానికి ఎవరూ సంకేతం కల్పించుకోరు. నిత్యం వాడే పదమే అరిగి చిన్నదవుతుంది.

స్త్రీలు వ్రాసే ఉత్తరాలకు తమవైన కొన్ని రూపాలు ఉండేవి. ఉత్తరం చివర వినయసూచకంగా వ్రాసే 'కషికొ' అనే మాటను, అతి మర్యాదగల క్రియారూపమైన 'మైరసెసోరొ'ను ఒకే మెలికగా వ్రాసేవారు. ఇంత పొడవైన పదం ఒకటి రెండు కుంచె కదలికలలో ముగుస్తుంది. అలవాటు లేనివారికి అది అక్షరంగానే కనిపించదు.

కంజీ సంయుక్తాక్షరాలు

పేర్లలోని అక్షరాలు

ధ్వనిని బట్టి కలిపిన అక్షరాలు వ్యక్తుల పేర్లలో నిలిచి ఉన్నాయి. ప్రాచీన పురుష నామాల చివర వచ్చే 'మరొ'ను మొదట 'మ', 'రొ' అనే రెండు కంజీలతో వ్రాసేవారు. తరువాత ఆ రెంటినీ ఒకదాని కింద ఒకటి చేర్చి ఒకే కంజీగా చేశారు. 'మన్యోషు' సంకలనంలోని ప్రముఖ కవి కకినొమొతొ నొ హితొమరొ పేరును ఈ రెండు విధాలుగానూ వ్రాస్తారు. అదే విధంగా 'కు', 'మె' అక్షరాలు కలిసి 'కుమె' అనే అక్షరం ఏర్పడింది. ఇది ఇంటిపేరుగా వాడుకలో ఉంది. 'చెట్టు', 'పనితనం' అనే రెండు కంజీలు కలిసిన 'మొకు' అనే అక్షరం వడ్రంగిని, చెక్కలోని అందమైన చారలను సూచిస్తుంది.

అర్థాన్ని బట్టి కలిపినవి మరొక తరగతి. చైనాలో లేని, జపాన్‌లోనే కల్పించిన ఇటువంటి కంజీలను 'కొకుజి' (దేశీయాక్షరాలు) అంటారు. 'నిప్పు', 'పొలం' చేరితే మెట్టపొలం. 'తెలుపు', 'పొలం' చేరినా అదే అర్థం. 'కొండ', 'పైకి', 'కిందికి' అనే మూడూ చేరితే కనుమ దారి. 'చేప', 'బలహీనం' చేరితే కవళ్ళ జాతికి చెందిన చిన్న చేప. 'మనిషి', 'కదలిక' చేరితే పని చేయడం.

శాస్త్ర పదాలు

డచ్చి భాష ద్వారా పాశ్చాత్య వైద్యం జపాన్‌కు వచ్చినప్పుడు శరీర భాగాలకు పేర్లు చాలలేదు. వైద్యుడు ఉదగవ గెన్షిన్ (1770-1835) 'మాంసం', 'ఊట' అనే భాగాలను కలిపి 'గ్రంథి' అనే అర్థంలో ఒక కొత్త కంజీని కల్పించాడు. శరీరంలో స్రావాలు ఊరే చోటు అని దాని భావం. క్లోమానికి కూడా అతడు ఇటువంటి అక్షరమే కల్పించాడు. 'గ్రంథి' అక్షరం జపాన్ నుండి తిరిగి చైనాకు చేరి, నేటికీ అక్కడి వైద్యశాస్త్రంలో వాడుకలో ఉంది. చైనా నుండి లిపిని స్వీకరించిన దేశం చైనాకే అక్షరాన్ని ఇచ్చిన ఉదాహరణ ఇది.

కొలమానాలు

మెట్రిక్ కొలతలకు 1891లో టోక్యోలోని కేంద్ర వాతావరణ పరిశీలనాలయం ఒక చక్కని అక్షర వ్యవస్థను రూపొందించింది. మీటరుకు 'బియ్యం' అనే కంజీని, గ్రాముకు 'పెంకు' అనే కంజీని, లీటరుకు 'నిలుచుండు' అనే కంజీని ధ్వని సామ్యం కొరకు తీసుకున్నారు. వీటి పక్కన సంఖ్యావాచకం చేర్చితే కొత్త అక్షరం సిద్ధమవుతుంది:

* మీటరు, 'వెయ్యి' కలిస్తే కిలోమీటరు
* మీటరు, 'నూరవ భాగం' కలిస్తే సెంటీమీటరు
* మీటరు, 'వెయ్యవ భాగం' కలిస్తే మిల్లీమీటరు
* గ్రాము, 'వెయ్యి' కలిస్తే కిలోగ్రాము
* లీటరు, 'వెయ్యి' కలిస్తే కిలోలీటరు

చూడగానే లెక్క తెలిసిపోయే ఈ అక్షరాలను చదివేటప్పుడు మాత్రం విదేశీ పదంగానే, అంటే 'కిరొమేతొరు', 'సెన్‌చిమేతొరు' అని పలకాలి. ఒకే అక్షరాన్ని అయిదారు మాత్రల పదంగా పలకడం కంజీలలో అసాధారణం. తరువాతి కాలంలో ఈ పదాలను కటకానాలోనూ, రోమన్ అక్షరాలలోనూ వ్రాయడం స్థిరపడి, ఈ కంజీలు వాడుక తప్పాయి.

చదరపు గడిలో పదాలు

నిలువు పంక్తులలో అచ్చయ్యే వార్తాపత్రికలకు 'కిలో', 'మీటరు', 'గ్రాము', 'టన్ను', 'డాలరు', 'శాతం' వంటి విదేశీ పదాలు ఒక సమస్య. ఒక్కొక్క పదానికి రెండు నుండి ఆరు కటకానా అక్షరాలు కావాలి. అందువలన ఆ అక్షరాలన్నిటినీ చిన్నవి చేసి ఒకే గడిలో పేర్చిన అచ్చులు తయారయ్యాయి. వ్యాపార సంస్థల పేర్లకు ముందో వెనుకో వచ్చే 'కబుషికి గైష' (వాటాల కంపెనీ) అనే నాలుగు కంజీల పదానికి కూడా ఇటువంటి ఒక గడి రూపం ఉంది.

చక్రవర్తుల పాలనా యుగాల పేర్లకు కూడా ఇదే పద్ధతి వర్తించింది. మెయిజి (1868), తైషో (1912), షోవ (1926), హెయిసెయి (1989) యుగాల పేర్లలోని రెండేసి కంజీలను ఒక్కొక్క గడిలో కూర్చి అక్షరాలు చేశారు. కొత్త యుగానికి 'రెయివ' అనే పేరును 2019 ఏప్రిల్ 1న ప్రకటించగా, మే 1న ఆ యుగం మొదలైంది. ఆ పేరు ఏమిటో తెలియక ముందే దాని కొరకు యూనికోడ్‌లో ఒక స్థానాన్ని ఖాళీగా అట్టిపెట్టారు. 2019 మేలో వెలువడిన యూనికోడ్ 12.1 సంచిక ఈ ఒక్క అక్షరాన్ని చేర్చడానికే వచ్చింది.

సంక్షిప్త కంజీలు

చేతివ్రాతలో

ఉపన్యాసం వింటూ వ్రాసుకునే విద్యార్థులు, నల్లబల్ల మీద వ్రాసే ఉపాధ్యాయులు, దుకాణదారులు, చేతివృత్తులవారు కుదించిన కంజీలను వాడుతూ వచ్చారు. వీటిని ముఖ్యంగా మూడు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది గీతలను తగ్గించడం. 'ద్వారం' అనే కంజీని, అది భాగంగా గల 'ప్రశ్న', 'మధ్య' వంటి కంజీలను వ్రాసేటప్పుడు ద్వారం తలుపులలోని అడ్డుగీతలను విడిచి, చట్రం మాత్రమే గీస్తారు.

రెండవది ఒకే ధ్వని గల తేలిక అక్షరాన్ని వాడడం. వయస్సును తెలిపే 'సై' అనే కంజీ క్లిష్టమైనది. దాని బదులు 'ప్రతిభ' అనే అర్థం గల మరొక 'సై'ని వ్రాస్తారు. దీనికి మూడే గీతలు. 'పోరాటం' అనే అర్థం గల 'తో' కంజీకి బదులు ధాన్యపు కొలతను తెలిపే నాలుగు గీతల 'తొ'ను వాడడం మరొక ఉదాహరణ. 1960ల చివర విద్యార్థి ఉద్యమాల ప్లకార్డుల మీద ఈ రూపం ఎక్కువగా కనిపించేది. ఆ ప్లకార్డుల కోణాకార వ్రాతకు 'గెబజి' అనే పేరే ఏర్పడింది.

మూడవది క్లిష్టమైన భాగాన్ని తొలగించి, ఆ చోట ఉచ్చారణను తెలిపే కానాను గాని మరొక అక్షరాన్ని గాని ఉంచడం. 'యంత్రం' అనే అర్థం గల 'కి' కంజీలో కుడి భాగం తీసివేసి కటకానా 'కి'ని వ్రాస్తారు. ఫుకుజవ యుకిచి 1858లో స్థాపించిన విద్యాలయం నుండి ఎదిగిన కెయియో విశ్వవిద్యాలయం పేరులోని రెండు కంజీల లోపలి భాగాల స్థానంలో రోమన్ లిపిలోని 'కె', 'ఓ' అక్షరాలను వ్రాయడం అక్కడి విద్యార్థులలో ప్రసిద్ధం.

అధికారిక లిపిలో

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన పిదప 1946లో 1,850 కంజీలతో తోయో కంజీ పట్టిక ప్రకటితమైంది. వాటి రూపాలను 1949లో వెలువడిన మరొక పట్టిక నిర్ణయించింది. అప్పటి వరకు చేతివ్రాతకు పరిమితమైన అనేక సంక్షిప్త రూపాలు అప్పుడు అచ్చు రూపాలయ్యాయి. 'విద్య', 'దేశం', 'శరీరం', 'కళ' అనే కంజీల నేటి రూపాలు ఇటువంటివే. 1981లో 1,945 కంజీల జోయో పట్టిక వచ్చింది. 2010లో దానిని సవరించగా సంఖ్య 2,136కు చేరింది.

సంక్షేపం వలన కలిగిన చిక్కులు

కుదించిన రూపం అప్పటికే ఉన్న మరొక అక్షరంతో కలిసిపోతే అర్థభేదం నశిస్తుంది. 'వివేచించు', 'పూరేకు', 'వాదించు' అనే అర్థాలు గల మూడు వేరువేరు కంజీలు నేడు 'బెన్' అనే ఒకే అక్షరంగా మారాయి. ఏది ఏ అర్థంలో వచ్చిందో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి.

'కళ' అనే అర్థం గల 'గెయి' కంజీ కథ మరింత ఆసక్తికరమైనది. దాని కుదించిన రూపం, పుస్తకాలకు పురుగు పట్టకుండా వాడే ఒక సువాసన మూలికకు పేరైన 'ఉన్' అనే పాత కంజీతో సమానమైంది. ఎనిమిదో శతాబ్దంలో ఇసొనొకమి నొ యకత్సుగు నెలకొల్పిన 'ఉన్‌తెయి' అనే గ్రంథాలయం పేరులో ఉన్నది ఈ మూలిక పేరే. జపాన్‌లో ప్రజలకు తెరచిన మొదటి గ్రంథాలయంగా దీనిని పేర్కొంటారు. సంస్కరణ తరువాత చదువుకున్నవారు దానిని 'గెయితెయి' అని పొరపాటుగా చదవడానికి అవకాశం ఏర్పడింది.

పునరుక్తి చిహ్నాలు

ఒకే అక్షరం వెంటనే మరల వచ్చినపుడు దానికి బదులు వ్రాసే గుర్తులను ఒదొరిజి (నర్తించే అక్షరాలు) అంటారు. కంజీకి వాడే గుర్తు కటకానా 'నొ', 'మ'లను కలిపినట్లు ఉండడం వలన దీనిని 'నొమ' అని కూడా పిలుస్తారు. 'హితొ' (మనిషి) తరువాత ఈ గుర్తు ఉంచితే 'హితొబితొ' (మనుషులు), 'తొకి' (సమయం) తరువాత ఉంచితే 'తొకిదొకి' (అప్పుడప్పుడు) అవుతాయి.

ఇది మన వ్యాకరణంలోని ఆమ్రేడితం వంటిది. రెండవ పదం మొదటి హల్లు 'హి' నుండి 'బి'గా, 'తొ' నుండి 'దొ'గా మారడం కూడా గమనించాలి. 'అన్న', 'తమ్ములు' కలిసి 'అన్నదమ్ములు', 'కూర', 'కాయలు' కలిసి 'కూరగాయలు' అయినట్లే, జపనీస్‌లో సమాసాలలోని పరుషం సరళంగా మారుతుంది. గుర్తు మాత్రం మారదు, మార్పు పాఠకుని నాలుక మీదనే జరుగుతుంది.

కానాకు వేరే పునరుక్తి గుర్తులు ఉన్నాయి. నిలువు వ్రాతలో రెండు మూడు అక్షరాల పదం మొత్తాన్ని పునరుక్తం చేసే పొడవైన గుర్తు కూడా ఉండేది. నేటి సాధారణ వ్రాతలో కంజీ గుర్తు ఒక్కటే నిలిచింది. కానా గుర్తులు పేర్లలో మాత్రం మిగిలాయి. ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016లో కర్మాగారం ప్రారంభించిన ఇసుజు వాహన సంస్థ పేరును జపనీస్‌లో 'ఇ', 'సు' వ్రాసి, మూడవ అక్షరమైన 'జు' స్థానంలో పునరుక్తి గుర్తును, దానిపై సరళోచ్చారణను తెలిపే రెండు చుక్కలను ఉంచి వ్రాస్తారు.

నిత్య జీవితంలో కనిపించే మరి రెండు గుర్తులు:

* షిమె: 'మూయు', 'ముగించు' అని అర్థం. కవరు అంటించిన తరువాత అతుకు మీద ఈ గుర్తు గీస్తారు. గడువు తేదీని తెలిపే 'షిమెకిరి' పదంలోనూ వాడతారు.
* చిన్న కె: కటకానా 'కె'ను పోలినా ఇది నిజానికి లెక్కించడానికి వాడే ఒక కంజీకి కుదింపు. అందువలన దీనిని 'క' అనో 'గ' అనో చదవాలి. 1600లో మహాయుద్ధం జరిగిన సెకిగహర పేరులోని 'గ' ఇదే.

కంప్యూటర్లలో

జపనీస్ అక్షరాలకు జాతీయ సంకేత ప్రమాణం 1978లో వెలువడింది. అందులో సుమారు 6,350 కంజీలు ఉన్నా, సంయుక్త కానాలు లేవు. 'యొరి', 'కొతొ' రూపాలు 2000 నాటి విస్తృత ప్రమాణంలో చేరి, 2002లో యూనికోడ్ 3.2లో స్థానం పొందాయి. 'తొమొ' రూపం 2009లో చేరింది. అయితే అది కానాగా గాక, కంజీల విభాగంలో చేరడం విశేషం.

1978 నాటి ప్రమాణంలో ఎక్కడా వాడుకలో లేని కొన్ని కంజీలు చోటు చేసుకున్నాయి. వీటిని 'యూరెయి మొజి' (దయ్యపు అక్షరాలు) అంటారు. షిగ ప్రాంతంలోని ఒక ఊరి పేరులో 'కొండ' కింద 'స్త్రీ'ని ఉంచిన అరుదైన సంయుక్తాక్షరం ఉంది. ఆ అక్షరం అచ్చు లేకపోవడం వలన, జాబితా తయారుచేసినవారు 'కొండ', 'స్త్రీ' అనే రెండు కాగితపు ముక్కలను కత్తిరించి అతికించారు. ఆ కాగితం అంచు నీడ ప్రతిలో ఒక గీతగా పడింది. దానిని అక్షరంలోని గీతగానే భావించి ప్రమాణంలో చేర్చారు. ఈ సంగతి 1997 నాటి సవరణ కొరకు ససహర హిరొయుకి తదితరులు జరిపిన పరిశోధనలో బయటపడింది. ఒకసారి సంకేతం కేటాయించిన అక్షరాన్ని తొలగించడం సాధ్యం కాదు కనుక, ఆ నీడగీత నేటికీ కంప్యూటర్లలో ఉంది.

చదరపు గడి పదాలు, వృత్తంలోని అంకెలు చాలా కాలం ఒక్కొక్క తయారీదారు యంత్రంలో ఒక్కొక్క స్థానంలో ఉండేవి. ఒక రకం కంప్యూటరులో వృత్తంలో 1 వ్రాసి పంపితే, మాకింతోష్‌లో అది కుండలీకరణాలలో 'ఆదివారం'గా కనిపించేది. 2 సోమవారంగానూ, 3 మంగళవారంగానూ మారేవి. యూనికోడ్ వ్యాప్తితో ఈ బాధ చాలా వరకు తీరింది.

ప్రాముఖ్యం

పాత అక్షరాలను గుర్తించగలగడం పండితుల కుతూహలానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఇందుకు మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది పౌరుల పేర్లు. జపాన్‌లో ప్రతి కుటుంబానికీ 'కొసెకి' అనే నమోదు పత్రం ఉంటుంది. అందులో ఒకప్పుడు గుమాస్తా చేతితో వ్రాసిన రూపమే ఆ వ్యక్తి పేరుకు అధికారిక రూపంగా నిలిచింది. 'ఎత్తు' అనే అర్థం గల 'తక' కంజీకి నిచ్చెన వంటి మరొక రూపం ఉంది. 'వతనబె', 'సైతో' ఇంటిపేర్లకు అనేక రూపభేదాలు ఉన్నాయి. తమ పేరులోని రూపాన్ని కంప్యూటరు చూపలేకపోతే, అది తమ పేరు కాదని భావించేవారు ఉన్నారు. పూర్వకాలపు పేర్లలో ఉన్న రూపాంతర కానాలకు కూడా ఈ అవసరం ఉంది. 2017లో యూనికోడ్ 10.0లో ఒకేసారి 285 హెంతైగానా అక్షరాలు చేరాయి.

రెండవది ప్రకృతి వైపరీత్యాల చరిత్ర. జపాన్ భూకంపాల దేశం. శాస్త్రీయ పరికరాలు రాక ముందు జరిగిన భూకంపాలు, సునామీలు ఎంత దూరం, ఎంత తీవ్రంగా వచ్చాయో తెలియాలంటే ఆనాటి దినచర్యలు, ఊరి లెక్కలు, ఉత్తరాలు చదవాలి. అవన్నీ గొలుసుకట్టు వ్రాతలో, సంయుక్త కానాలతో నిండి ఉంటాయి. ఈ పత్రాలను సామాన్య ప్రజల సహాయంతో చదివి, నేటి అక్షరాలలో ఎత్తివ్రాయించడానికి 'మిన్న దె హొన్‌కొకు' (అందరం కలిసి ఎత్తివ్రాద్దాం) అనే కార్యక్రమాన్ని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రారంభించారు. ఒక 'యొరి'ని గాని 'కొతొ'ను గాని గుర్తించలేకపోతే, నీరు ఎక్కడి నుండి ఎక్కడి దాకా వచ్చిందో చెప్పే వాక్యం అర్థం కాకుండా పోవచ్చు.

మూడవది యంత్రపఠనం. గొలుసుకట్టు వ్రాతను ఫోటో తీయగానే నేటి అక్షరాలుగా మార్చే 'మివొ' అనే మొబైల్ సాధనం 2021లో విడుదలైంది. అటువంటి సాధనాలకు శిక్షణ ఇవ్వడానికి మనుషులు సరిగా చదివి గుర్తించిన నమూనాలు అవసరం. కనుక పాత అక్షరాలు తెలిసినవారి అవసరం తీరిపోలేదు.

తెలుగు లిపితో పోలిక

తెలుగులో సంయుక్తాక్షరం తప్పనిసరి. 'అక్క', 'పద్మ', 'రాష్ట్రం' వంటి పదాలను వత్తులు లేకుండా వ్రాస్తే ఉచ్చారణ మారిపోతుంది. జపనీస్‌లో సంయుక్తాక్షరం ఐచ్ఛికం. 'యొరి'ని విడివిడిగా వ్రాసినా, కలిపి వ్రాసినా ఉచ్చారణలోనూ అర్థంలోనూ తేడా లేదు. మన సంయుక్తాక్షరం రెండు హల్లుల నడుమ అచ్చు లేదని చెబుతుంది. జపనీస్ సంయుక్తాక్షరంలో అచ్చులన్నీ యథాతథంగా ఉంటాయి.

సంక్షేపంలో కూడా పద్ధతి వేరు. తెలుగులో పదంలోని మొదటి అక్షరాలను తీసుకొని చుక్క పెడతాము (కి.మీ., రూ., డా.). అక్షరం పూర్తిగానే ఉంటుంది, పదం మాత్రం తెగుతుంది. జపనీస్‌లో పదం పూర్తిగానే ఉంటుంది, అక్షరం తెగుతుంది. ధ్వనిని వ్రాసే లిపికీ, అర్థాన్ని వ్రాసే లిపికీ మధ్య గల మౌలిక భేదం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇవి కూడా చూడండి

* జపనీస్ భాష
* కంజీ
* హిరగానా
* కటకానా
* సిద్ధం లిపి
* తెలుగు లిపి
* యూనికోడ్